తడి నీడలో షింగిల్ కప్పు – 5వ పాఠం: ఆ తారు డబ్బా కాస్త పక్కన పెట్టండి

ఈసారి గోడ పక్కన పెట్టే మడత రేకులు, అంటే స్టెప్ ఫ్లాషింగ్, నేర్పిస్తానని మాటిచ్చాను. నేర్పిస్తాను, కానీ చివర్లో. 4వ పాఠం చూసి వరసలు వేసినవాళ్లు పంపిన ఫొటోలు చూశాక ముందు మేకుల గొడవ, తారు గొడవ తేల్చకపోతే ముందుకెళ్లడం దండగ అనిపించింది. అందులో సగం తప్పు నాదే. "మేకులు గీత మీద కొట్టండి" అని రాసేసి, ఏ గీతో చెప్పకుండా వదిలేశాను.

ముందు చిన్నది. షింగిల్ (కప్పు మీద వరసలుగా పరిచే తారు పలక) వెనక ఉండే సన్నటి ప్లాస్టిక్ పట్టీ పీకాలా? అక్కర్లేదు. కట్టలో ఉన్నంతసేపు షింగిల్స్ ఒకదానికొకటి అతుక్కోకుండా పెట్టిన పట్టీ అది, కప్పు మీదకి వెళ్లాక దాని పని అయిపోయింది, అలాగే ఉంచేయండి. ఒకాయన మధ్యాహ్నమంతా కూర్చుని పదకొండు కట్టలవి ఒలిచారట. గోళ్లు అరిగాయి తప్ప వేరే నష్టం లేదు. ఒలిచిన ముక్కలు కప్పు మీద ఉంటే మాత్రం ఏరేయండి, కాలు పడితే జర్రున జారుతుంది.

ఇక మేకు. రెండు పొరలుండే షింగిల్‌లో (ఈ రోజుల్లో ఎక్కువమంది వేసేది ఇదే) మేకు కొట్టాల్సింది ఆ రెండు పొరలూ ఒకదాని మీద ఒకటి ఎక్కిన సన్నటి పట్టీలో. అక్కడ కొడితే రెండు పొరలనీ పట్టుకుంటుంది, కింది వరస షింగిల్ తలని కూడా పట్టుకుంటుంది. ఒక అంగుళం పైకి పోయిందంటే పై పొర ఒక్కటే మేకుకి వేలాడుతుంది, కింది పొర బరువంతా కంపెనీవాళ్లు వేసిన జిగురు పట్టీ మీద పడుతుంది. ఎండ తగలని వాలు మీద ఆ జిగురు ఎంత నమ్మకస్తురాలో ఇప్పుడే చూస్తాం. సరిగ్గా జిగురు పట్టీ మీదే కొట్టినవాళ్లూ ఉన్నారు, మేకు తల అడ్డమొస్తే అక్కడ అంటుకునేది ఏముంటుంది? షింగిల్‌కి 4 మేకులు, వాలు మరీ నిటారుగా ఉన్నా గాలి ఎక్కువున్నా 6. తల షింగిల్‌కి సమంగా ఆగాలి, కోసుకుని లోపలికి దిగకూడదు, పక్కకి వంగకూడదు. నేనైతే తడి చోట్ల గాలి గన్ను (గాలి ప్రెషర్‌తో మేకులు కొట్టేది) వాడను, సుత్తే. షింగిల్స్ కింది ప్లైవుడ్ ఒకచోట గట్టిగా, ఒకచోట తేమకి మెత్తగా ఉంటుంది, గన్నుకి ఆ తేడా తెలియదు, చేతికి తెలుస్తుంది. మీకు గన్ను ఉంటే వాడుకోండి, కానీ ఆ ప్రెషర్‌ని పొద్దున ఒకసారి పెట్టి సాయంత్రం దాకా మర్చిపోకండి.

ఇప్పుడు అసలు ఫిర్యాదు: "నెల దాటింది, షింగిల్స్ అంటుకోలేదు, వేలు పెడితే లేస్తున్నాయి." నీడ వాలు మీద ఇది మామూలే. షింగిల్ మీద కంపెనీవాళ్లు వేసే జిగురు ఎండ వేడికి మెత్తబడి పై షింగిల్‌ని పట్టుకుంటుంది. చెట్ల కింద, ఎండ మొహం చూడని వైపు, అందులోనూ చల్లటి రోజుల్లో వేస్తే ఆ వేడి ఎక్కడినుంచి వస్తుంది? పైగా ఈలోగా దుమ్ము, పుప్పొడి వచ్చి జిగురు మీద కూర్చుంటే ఆ తర్వాత ఎండాకాలం వచ్చినా సరిగా పట్టదు. అందుకే అలాంటి వాలుకి చేత్తో అతికించడమే దారి. ఒక్కో షింగిల్ కింది అంచుని మెల్లగా ఎత్తి, అంచుకి ఒకటి రెండు అంగుళాలు పైన, రూపాయి బిళ్లంత తారు ముద్దలు నాలుగు పెట్టి, అరచేత్తో ఒత్తండి. కింది భాగం మూడు రెక్కలుగా కోసి ఉండే షింగిల్ అయితే రెక్కకి రెండు ముద్దలు. ఎత్తేటప్పుడు నెమ్మది, చలికి బిగుసుకున్న షింగిల్ విరుగుతుంది. అంతే, ఇంకేం లేదు.

నిజానికి ఈ మాట పోయినసారే చెప్పాను, మరి ఫొటోల్లో నాకు కనిపించిందేమిటి? తారు పిండే గన్నులో ట్యూబ్ పెట్టి, ఈ చివర నుంచి ఆ చివరికి, కింది అంచు పొడుగునా ఒకటే గీత! వరస వరసకీ! "నీళ్లు దూరకుండా గట్టిగా సీల్ చేశాం సార్" అని కింద రాసి మరీ పంపారు. ఇది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, కాబట్టి కాస్త పొడుగ్గా చెప్తాను, ఓపిక పట్టండి.

షింగిల్ కప్పు మూతపెట్టిన డబ్బా లాంటిది కాదు, చేప పొలుసు లాంటిది. నీళ్లు అసలు లోపలికి రాకూడదని దీన్ని కట్టలేదు. వచ్చినవి కిందికి జారి బయటికి పోయేలా కట్టారు. ఒకే వరసలో పక్కపక్కనున్న రెండు షింగిల్స్ మధ్య సందు ఉంటుంది కదా, వాన పడితే ఆ సందులోంచి నీళ్లు దిగుతాయి, దిగి కింది షింగిల్ వీపు మీద పడతాయి, అక్కడినుంచి జారి అంచు కిందగా బయటికొచ్చేస్తాయి. ఇప్పుడు ఆ అంచు పొడుగునా తారు కట్ట వేశారనుకోండి. దిగిన నీళ్లకి దారేది? కట్ట వెనక నిలబడి, పక్కలకి పాకి, దొరికిన మేకు పక్కనుంచో, పక్క సందులోంచో చెక్కలోకి దిగుతాయి. కంపెనీ జిగురుని ఒకసారి చూడండి, అది కూడా గీతలా ఉండదు, ముక్కలు ముక్కలుగా, మధ్యలో ఖాళీలతో ఉంటుంది. పిసినారితనం కాదు, ఆ ఖాళీలు నీళ్లు పోయే దారులు.

ఇంకోటి. నీళ్లు కిందికే పోతాయని మనకి గట్టి నమ్మకం. రెండు గాజు పలకలు ఒకదానికొకటి ఆనించి నీళ్ల గిన్నెలో నిలబెట్టండి, సందులో నీళ్లు పైకి ఎగబాకడం కళ్లారా కనిపిస్తుంది. షింగిల్ అంచు కింద చీమంత సందులోనూ జరిగేది అదే. అందులోకి ఎండు ఆకు ముక్కో నాచో చేరిందంటే దీపం ఒత్తి నూనె పీల్చినట్టు తడిని పైకి లాగుతుంది. అంచు తారుతో ఈ పైకి లాగడం ఆగుతుందా అంటే, కొత్తలో ఆగుతుంది. కొన్నేళ్లకి తారు ఎండి చిట్లుతుంది, చిట్లిన చోట నీళ్లు దూరతాయి, మిగతా చోట్ల బయటికి రాలేవు. దూరడానికి దారుంది, రావడానికి లేదు.

ఒకసారి ఇలాంటి కప్పు ఒకటి విప్పాను. నాకు ముందు ఎవరో బాగుచేసి వెళ్లారు, ఎంత శ్రద్ధగా అంటే ప్రతి అంచుకీ వేలంత లావు తారు. చదునైన ఇనప పట్టీ దూర్చి ఒక షింగిల్ లేపితే చిన్న చప్పుడుతో ఊడొచ్చింది, వెనకే గోరువెచ్చటి బురద వాసన. వాన ఆగి నాలుగు రోజులైంది, అయినా షింగిల్ వీపు మీద నీళ్లు మెరుస్తూనే ఉన్నాయి. మేకు తల చుట్టూ అర అంగుళం మేర తుప్పు రంగు, దాని కింద ప్లైవుడ్‌లో స్క్రూడ్రైవర్ గుచ్చితే పిడి దాకా దిగింది. పక్కనే తారు పూయకుండా వదిలేసిన మూల ఒకటుంది, బహుశా డబ్బా అయిపోయి ఉంటుంది, అక్కడ చెక్క పొడిగా, శుభ్రంగా ఉంది.

మందంగా పూస్తే వేరే నష్టం కూడా ఉంది. ఆ తారులో ఉండే ద్రావకం షింగిల్‌లోని తారునే మెత్తబరిచి బొబ్బలు తెప్పిస్తుంది. అందుకే రూపాయి బిళ్లంత అన్నాను, అరచేయంత అనలేదు. మేకు తలల మీద పూయకండి, సరిగ్గా కొట్టిన మేకుని పై వరస ఎలాగూ కప్పుతుంది. రెండు వాలులు కలిసే లోయలో రేకు పొడుగునా పూయకండి, అక్కడ ఆకులు అంటుకుని ఎరువు అవుతాయి (అసలు చెట్ల కింద లోయకి నా ఓటు ఎప్పుడూ బాహాటంగా కనిపించే రేకుకే, షింగిల్స్‌తో అల్లిన లోయలో ఆకు ఇరుక్కుంటే ఊడ్చినా రాదు). నాచు మీద అస్సలు పూయకండి, అలా పూసిన ఫొటో కూడా ఒకటి వచ్చింది, ఏమనాలో తెలియలేదు.

అంచుల పొడుగునా ఇప్పటికే పూసేసినవాళ్లు కంగారుపడి మొత్తం పీకకండి. తారు ఇంకా మెత్తగా ఉంటే సన్నటి కత్తితో ప్రతి సందుకి సూటిగా కింద రెండేసి అంగుళాలు తారు తీసేయండి, నీళ్లకి దారి దొరుకుతుంది. గట్టిపడిపోతే ఇప్పుడు ముట్టుకోవద్దు, షింగిల్ చిరుగుతుంది. అటకలోకెళ్లి కింది నుంచి చెక్కని గమనిస్తూ ఉండండి.

అటక అన్నాను కాబట్టి ఒక మాట. "వాన లేని రోజు కూడా మేకు కొనల నుంచి చుక్కలు పడుతున్నాయి" అని రాసినవాళ్లకి: అది కప్పు కారడం కాదు. ఇంట్లోంచి పైకెళ్లిన ఆవిరి చల్లటి మేకుని తాకి నీరవుతోంది. స్నానాల గది ఫ్యాన్ గొట్టం అటకలోనే ఆగిపోయిందేమో చూడండి, చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు, దాన్ని బయటిదాకా పొడిగించాలి. గాలి ఆడటానికి మామూలు లెక్క, అటక నేల 150 చదరపు అడుగులకి 1 చదరపు అడుగు నికరమైన ఖాళీ. చూరు దగ్గర, కొప్పు దగ్గర దాదాపు చెరిసగం ఉంటే 300కి 1 సరిపోవచ్చు, నీడ ఇళ్లకి నేను ఆ తగ్గింపు తీసుకోను.

సరే, స్టెప్ ఫ్లాషింగ్. వాలు పక్కగా గోడ పైకి లేచే చోట పెట్టే మడత రేకులివి. గోడ పలకలు విప్పడం, కింద పరిచే షీట్‌ని గోడ మీదికి ఎక్కించడం మీకు వచ్చనుకుంటున్నాను. రేకు ముక్క 8 అంగుళాల పొడవు, 10 వెడల్పు, నడిమికి మడిస్తే 5 గోడ మీద, 5 కప్పు మీద. కొందరు 4, 4తో సరిపెడతారు, ఆకులు పేరుకునే మూలల్లో నాకు 5 కావాలి. వరసకి ఒక ముక్క, ఎక్కడా ఎగవేత లేదు. షింగిల్ వేయి, దాని మీద రేకు, రేకు మీద పై షింగిల్, మళ్లీ రేకు. పై షింగిల్ కింది అంచు కన్నా రేకు ఒక వెంట్రుక పైన ఉండాలి, బయటికి కనిపించకూడదు. షింగిల్ బయటికి కనిపించేది 5⅝ అంగుళాలు అయితే ఒక రేకు ఇంకోదాని మీద 2 అంగుళాల పైచిలుకు ఎక్కుతుంది, 2కి తగ్గనివ్వకండి. మేకు కప్పు వైపే, పై రేకు కప్పే చోట. గోడకీ కప్పుకీ రెండింటికీ కొట్టారంటే, ఇల్లు కొంచెం కదిలినప్పుడు రేకు నలుగుతుంది. గోడ పలకల కింది అంచు కప్పుకి 2 అంగుళాలు ఎత్తులో ఆపండి, ఆ సందుని (చెప్పక్కర్లేదనుకుంటా) తారుతో పూడ్చకండి.

అన్నింటికంటే కింద, గోడ ఇంకా ముందుకి సాగి కప్పు చూరు దగ్గర ఆగిపోయే చోట, నీళ్లని గోడ నుంచి బయటికి తన్నే వంపు రేకు ఒకటి ఉండాలి, కిక్-అవుట్ అంటారు. అది లేకపోతే మీరు పైన పెట్టిన రేకులన్నీ కలిసి నీళ్లని చక్కగా పోగుచేసి గోడ పలకల వెనక్కి పోస్తాయి. ఇటుక గోడ సంగతి వేరు, అది వచ్చే పాఠంలో.

నాచు గురించి కూడా వచ్చే పాఠంలోనే. ఈలోగా ప్రెషర్ వాషర్ జోలికి వెళ్లకండి, షింగిల్ మీద ఉండి ఎండ నుంచి తారుని కాపాడే రాతి రేణువులు కూడా దానికి కొట్టుకుపోతాయి. నాచు రాకుండా కొప్పు దగ్గర రాగి పట్టీ పెడదామనుకునేవాళ్లు కింద చూరు వెంట నీళ్లు పోయే గట్టర్ ఏ లోహమో చూసుకోండి. నేను చూసుకోలేదు, రాగి మీదుగా వచ్చిన నీళ్లు నా జింకు పూత గట్టర్‌ని తినేశాయి. ఇప్పుడు జింకు పట్టీయే వాడుతున్నాను.

అభ్యాసం. 4 అడుగుల చదరం ప్లైవుడ్ ముక్క తీసుకోండి, పై అంచు కింది అంచు కన్నా 15 అంగుళాలు ఎత్తులో ఉండేలా నిలబెడితే 12కి 4 వాలు (12 అంగుళాలు ముందుకెళ్తే 4 అంగుళాలు పైకి) వస్తుంది. ఒక పక్క అడుగున్నర ఎత్తు పలకని గోడలా బిగించండి. కింద షీట్ వేయొద్దు, తప్పు దాచేస్తుంది. ఆరు వరసలు, ఆరు రేకులు, కింద కిక్-అవుట్, తారు చుక్క కూడా వద్దు. ప్లైవుడ్ అడుగున సుద్దముక్క పొడి రుద్ది, పైనుంచి పావుగంట సేపు నెమ్మదిగా నీళ్లు పోయండి, గొట్టం పైకి ఎగజిమ్మేలా పట్టుకోకండి. అడుగున సుద్ద తడిసిందా చూడండి. తర్వాత మూడో వరస అంచు పొడుగునా, గోడ దాకా, మీ ఇష్టమొచ్చినంత తారు గీసి, ఒక రాత్రి ఆరనిచ్చి, మళ్లీ అంతే నీళ్లు పోయండి. అప్పుడు పై వరస నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క షింగిల్ విప్పుతూ, ఏ మేకు దగ్గర ఎంత తడి ఉందో పెన్సిల్‌తో చెక్క మీదే గుర్తు పెట్టండి. ఈసారి నాకు కప్పు పైవైపు ఫొటో వద్దు, ఆ చెక్కది పంపండి.