ఉప్పునీటి అక్వేరియానికి నాచు తెర: కొలత, కట్టుబడి, కోత

కోనేటి మెట్ల మీద పాకుడు ముందుగా ఎక్కడ పడుతుందో గమనించండి. నీళ్లు పల్చగా పారుతూ, ఎండ నేరుగా తగిలే గరుకు రాయి మీద పడుతుంది. నాచు తెర ఫిల్టర్ పనిచేసేది ఈ గుణం మీదే. తొట్టిలో రాళ్లమీదా అద్దాలమీదా పెరగబోయే నాచుకి సంప్‌లో (తొట్టి కింద ఫిల్టర్ సామాను పెట్టుకునే రెండో తొట్టిలో) అంతకంటే మంచి చోటు చూపిస్తే అక్కడే దట్టంగా అల్లుకుని, నీటిలోని అమ్మోనియా, నైట్రేట్, ఫాస్ఫేట్‌లను పీల్చుకుంటుంది. దాన్ని కోసి బయట పడేస్తే ఆ వ్యర్థాలు కూడా దానితో పాటే పోతాయి. కోయని తెర ఎంత పచ్చగా ఉన్నా దండగే.

1982లో ఈ పద్ధతికి పేటెంట్ పొందిన అమెరికా స్మిత్సోనియన్ సంస్థ శాస్త్రవేత్త వాల్టర్ ఏడీ, నీటిని తెర మీదికి అలల్లా కుమ్మరించే బకెట్లు వాడారు. ఇంట్లో చేసుకోవడానికి మాత్రం తెరను నిలువుగా వేలాడదీసి, పైనుంచి నీళ్లు జారనివ్వడమే తేలిక.

తెర ఎంత ఉండాలి

తొట్టి ఎన్ని లీటర్లో చూసి తెర కోయకండి, రోజూ ఎంత మేత వేస్తారో చూసి కోయండి. నీటిలో పేరుకునే నైట్రేట్, ఫాస్ఫేట్ దాదాపు అంతా మేత నుంచి వచ్చేదే. అభిరుచిపరులు పాటించే లెక్క ఇది: రోజుకు ఒక ఫ్రోజెన్ మేత క్యూబ్‌కి, రెండు వైపులా వెలుతురు పడే తెర 75 చదరపు సెంటీమీటర్లు కావాలి. ఫ్లేక్స్ వేసేవాళ్లు పది చిటికెలను ఒక క్యూబ్‌గా లెక్కించుకోవచ్చు. 200 లీటర్ల తొట్టిలో రోజుకు రెండు క్యూబులు వేస్తుంటే 15 సెం.మీ. వెడల్పు, 10 సెం.మీ. ఎత్తు ఉన్న తెర చాలు. పెద్ద తెర పెడితే మేలనుకుంటారు గానీ, ఉన్న కాస్త పోషకాలూ అంత మేరా పల్చబడి ఎక్కడా నాచు సరిగా పట్టదు.

తెరకు ఊలుతో కుట్టుపని చేసే ప్లాస్టిక్ క్యాన్వాస్ సరిపోతుంది. కొన్నది కొన్నట్టుగా నున్నగా వేలాడదీస్తే మొదటి వారం పట్టిన నాచు రెండో వారం జారి సంప్‌లో పడుతుంది. రంపం పళ్లతో రెండు వైపులా అడ్డంగా, నిలువుగా గీకండి. ప్లాస్టిక్ పోగులు లేచి, చేత్తో తడిమితే గుచ్చుకోవాలి, చొక్కాకి తగిలితే పట్టుకోవాలి. ఈ పనికి ఓపికగా ఒక అరగంట పెట్టండి, తర్వాత నెలల తరబడి బాధ తప్పుతుంది.

పైపు, నీళ్లు

అంగుళం పీవీసీ పైపు తీసుకుని, ఒక కొనకి మూత పెట్టి, పొడవునా సూటిగా గీత గీసి, 15 సెం.మీ. మేర 3 మి.మీ. వెడల్పున చీలిక కోయండి. అంచులు ఉప్పుకాగితంతో నున్నగా రుద్దాలి, లేకపోతే నీళ్లు ఒక పక్కకే దూకుతాయి. తెర పై అంచును చీలికలోకి 3 మి.మీ. దూర్చి, కేబుల్ టైలతో పైపుకు బిగించండి. అందుకే తెర కోసేటప్పుడు పైన ఒక సెంటీమీటరు అదనంగా ఉంచుకోవాలి. పైపును పంపుకు అతికించేయకండి, శుభ్రం చేయడానికి ఊడి రావాలి.

వెడల్పులో ప్రతి సెంటీమీటరుకీ గంటకు 50 లీటర్లకు తగ్గకుండా నీళ్లు పారాలి. 15 సెం.మీ. తెరకు దాదాపు 800 లీటర్లు. పంపు డబ్బా మీద వేసే అంకె ఎత్తు లేనప్పటిది. నీళ్లు పైకెక్కే కొద్దీ ధార తగ్గుతుంది, కాబట్టి ఆ అంకెను నమ్ముకోకుండా పైపు కొన దగ్గర కొలవండి: 10 లీటర్ల బకెట్ 45 సెకన్లలో నిండాలి. తెర కింది అంచు సంప్ నీటిని తాకుతూ ఉంటే చప్పుడు, తుంపరలు రెండూ తగ్గుతాయి.

వెలుతురు

రెండు వైపులా చెరొక 10 వాట్ల ఎల్‌ఈడీ గ్రో లైటు, తెరకు 8–10 సెం.మీ. దూరంలో. ఎరుపు 660 నానోమీటర్లు ఎక్కువగా, నీలం కొంచెంగా ఉన్నది ఎంచుకోండి. మొదట రోజుకు 9 గంటలు, ఆకుపచ్చ పట్టాక మెల్లగా 16–18 గంటల దాకా పెంచండి. ఆ గంటల్లో రాత్రి మొత్తం ఉండేలా టైమర్ పెడితే తొట్టి చీకట్లో ఉన్నప్పుడు పీహెచ్ పడిపోవడం కూడా తగ్గుతుంది. చీలిక మీద వెలుతురు పడకుండా నల్ల ప్లాస్టిక్ ముక్క అడ్డం పెట్టాలి. అక్కడ నాచు పెరిగితే దారి పూడుకుపోయి తెర మీద పొడి చారలు పడతాయి.

ఉప్పునీళ్ల పక్కన కరెంటు కాబట్టి 12 వోల్టుల లైట్లే మంచివి. ఏ వైరైనా ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్లీ పైకెక్కేలా ఉంచండి, 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) తప్పనిసరి. కరెంటు పోతే పైపులోని నీళ్లన్నీ సంప్‌లోకి దిగుతాయి. ఆ మేరకు సంప్‌లో ఖాళీ ఉందో లేదో ముందే పంపు ఆపి చూసుకోండి. వేసవిలో గంటల కొద్దీ కోతలుండే చోట ఈ చిన్న పంపును ఇన్వర్టర్ మీద పెట్టండి, ఎండిన నాచు తిరిగి బతకదు.

కోత

మొదటి రెండు వారాలు గోధుమ రంగు జిగురే కనిపిస్తుంది. కంగారు పడొద్దు. ఏడో రోజున వేళ్లతో మెల్లగా తుడిచి, ఆకుపచ్చ కనిపించిన చోటు ముట్టుకోకుండా వదిలేయండి. మూడు నాలుగు వారాలకు పచ్చటి వెంట్రుకల్లాంటి నాచు నిలబడుతుంది.

అక్కణ్ణించి 7–10 రోజులకోసారి కోత. తెరను ఊడదీసి సింక్ దగ్గరికి తీసుకెళ్లండి. సంప్‌లోనే గీకితే తెగిన నాచు రసమంతా మళ్లీ నీళ్లలోకే పోతుంది. పాలకూర మొదళ్లు వదిలి కోసినట్టే, పల్చటి పొర ఉంచి మిగతాది తీసేయండి. మామూలు కుళాయి నీళ్లతోనే కడగండి, నాచును తినే సన్నటి పురుగులు మంచినీటికి చచ్చిపోతాయి. వాయిదా వేస్తే పైపొర కింది పొరకు వెలుతురు అందనివ్వదు, నాచు మొదళ్లు కుళ్లి గడ్డలుగా ఊడిపోతాయి, పీల్చుకున్నదంతా తిరిగి నీటిలో కలుస్తుంది. నీళ్లు పసుపు రంగు తిరుగుతున్నాయంటే చాలాసార్లు కారణం ఇదే. గుప్పెడు యాక్టివేటెడ్ కార్బన్ ఆ రంగును లాగేస్తుంది గానీ, అసలు మందు వేళకు కోయడమే.

నాచు రంగే మీకు అన్నీ చెబుతుంది. తారులా నల్లగా ఉంటే వెలుతురుకి మించి పోషకాలున్నాయి: గంటలు పెంచండి లేదా మేత తగ్గించండి. పసుపుపచ్చగా రబ్బరులా సాగుతుంటే వెలుతురు మోతాదు మించింది లేదా ధార చాలడం లేదు.

నైట్రేట్, ఫాస్ఫేట్ వారం వారం పరీక్షించండి. ఆరు నుంచి ఎనిమిది వారాల దాకా పెద్ద తేడా ఆశించవద్దు, అప్పటిదాకా స్కిమ్మర్ (నురుగుతో వ్యర్థాలను తీసే పరికరం) ఉంటే తీయవద్దు. పగడాలున్న తొట్టిలో నైట్రేట్ సున్నాకి దిగడం మంచిది కాదు, లైటు గంటలు తగ్గించి 2–10 పీపీఎం మధ్య నిలపండి. తెర కాల్షియం, మెగ్నీషియం ఇవ్వలేదు కాబట్టి నీళ్లు మార్చడం తగ్గించుకోవచ్చు గానీ మానకూడదు. జారే నీళ్లు ఆవిరవుతాయి, ఆ లోటుకు ఉప్పు కలపని ఆర్‌ఓ నీళ్లు పోయండి. చేపలకు రాగి కలిసిన మందు వాడాల్సి వస్తే వేరే తొట్టిలోకి మార్చి వాడండి, రాగి తగిలితే తెర మీది నాచూ తొట్టిలోని రొయ్యలూ రెండూ పోతాయి.