ఊరు పెరిగిందా, హద్దు పెరిగిందా? (జనాభా లెక్కలు చదవడం – 3వ పాఠం)

రెండు జనగణనల మధ్య పెరుగుదల శాతం కట్టడం పోయిన పాఠంలో చూశాం. ఆ శాతాన్ని నమ్మే ముందు ఒకటి అడగాలి: రెండు అంకెలూ ఒకే హద్దుల్లో తీసినవేనా?

మన వరంగల్‌నే చూద్దాం. కార్పొరేషన్ జనాభా 2001లో సుమారు 5.3 లక్షలు, 2011లో 6.2 లక్షలు. అంటే పదేళ్లలో దాదాపు 17 శాతం. 2013లో మడికొండ, హసన్‌పర్తి లాంటి 42 గ్రామాలను నగరంలో కలిపారు. విస్తీర్ణం 110 చదరపు కిలోమీటర్ల నుంచి 406కు పెరిగింది. అవే 2011 లెక్కలను కొత్త హద్దులతో కూడితే 8.1 లక్షలు. దీన్ని 2001 అంకె పక్కన పెడితే 53 శాతం! ఈ 2.8 లక్షల తేడాలో 1.9 లక్షలు హద్దు జరగడం వల్ల వచ్చినవే.

ఇప్పుడు జనసాంద్రత కట్టండి. పాత హద్దుల్లో చదరపు కిలోమీటరుకు 5,600 మంది, కొత్త హద్దుల్లో 2,000. నగరం కాగితం మీద పెద్దదైంది, జనం మాత్రం పలచబడ్డారు. అటు పల్లె జనాభా కూడా ఎవరూ ఇల్లు కదలకుండానే తగ్గిపోయింది. ఇది ఉత్త లెక్కల గొడవ కాదు. ఉపాధి హామీ గ్రామీణ ప్రాంతాలకే వర్తిస్తుంది. కూలికి పోయే కుటుంబం నిన్నటిలాగే పొలంలో ఉన్నా, ఊరు గ్రేటర్‌లో కలిస్తే ఆ పని పోతుంది. అందుకే ఈ తేడా పట్టుకోవడం రావాలంటాను.

దీనికి ఎదురుగా నడిచేది తండాల లెక్క. 2018 పంచాయతీరాజ్ చట్టంతో 500 జనాభా దాటిన తండాలు విడి పంచాయతీలయ్యాయి. తండాను విడదీసిన ఊరి జనాభా ఒక్కసారిగా పడిపోయినట్టు కనిపిస్తుంది. వలస అనుకోకండి.

ఇంకో సంగతి, సెన్సస్ టౌన్. జనాభా 5,000 దాటి, చదరపు కిలోమీటరుకు 400 మంది ఉండి, పనిచేసే మగవాళ్లలో 75 శాతం వ్యవసాయేతర పనుల్లో ఉంటే, పంచాయతీ పాలనలోనే ఉన్నా జనగణన ఆ ఊరిని పట్టణంగా లెక్కిస్తుంది. దేశంలో ఇలాంటివి 2001లో 1,362 ఉంటే 2011కి 3,894 అయ్యాయి.

అభ్యాసం: వరంగల్ జిల్లా జనగణన పుస్తకాలు 2001వి, 2011వి తెరవండి. 2016లో జిల్లాలు విడిపోయాయి కాబట్టి హనుమకొండ, జనగామ, మహబూబాబాద్ వైపు ఊళ్లూ పాత వరంగల్ జిల్లా కిందే దొరుకుతాయి. విలీనమైన ఊళ్లలో ఐదు ఎంచుకుని, వాటి 2001 జనాభాను పాత నగరం 2001 అంకెకు, 2011 జనాభాను 2011 అంకెకు కలపండి. అప్పుడు శాతం కట్టండి. 42 ఊళ్లకూ ఇలాగే చేస్తే గ్రేటర్ అసలు పెరుగుదల వస్తుంది.