ప్యాకేజీ కడదాం – 4వ పాఠం: మెటాడేటాలో ఏం రాయాలి, ఏం రాయకూడదు?

గత పాఠంలో మెటాడేటాను, అంటే ప్యాకేజీ పేరు, వెర్షన్, లైసెన్స్ వంటి వివరాలను, నాలుగు వాక్యాలతో ముగించడం నా పొరపాటని మీరు పంపిన ఫైళ్లు చూశాక తెలిసింది. మన పైథాన్ అభ్యాస ప్యాకేజీ చేసే పని చిన్నది: మార్కెట్ ధరను నెట్ నుంచి తెచ్చుకుని, పుట్ల లెక్కన ఉన్న వడ్లను క్వింటాళ్లలోకి మార్చి విలువ కడుతుంది. దానికి కావలసిన బయటి లైబ్రరీ (డిపెండెన్సీ) ఒక్కటే: నెట్ నుంచి సమాచారం తెచ్చే రిక్వెస్ట్స్. అయినా కావలి నుంచి వచ్చిన ఒక ఫైలులో డిపెండెన్సీల కింద ముప్పై ఏడు పేర్లున్నాయి, అన్నిటికీ == గుర్తుతో, అంటే సరిగ్గా ఆ వెర్షనే కావాలని.

ఇది పైథాన్ ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే పిప్‌లో ఫ్రీజ్ అనే ఆదేశం ఇచ్చిన జాబితాను తెచ్చి అతికించడం వల్ల వచ్చిన తప్పు. ఆ జాబితా మీ కంప్యూటర్లో ఈ రోజు ఏమేం ఉన్నాయో చెబుతుందే తప్ప మీ కోడుకు ఏది అవసరమో చెప్పదు. మీరు రిక్వెస్ట్స్ ==2.31.0 అని రాశారనుకోండి. ఒంగోలులో ఒకరు మీ ప్యాకేజీతో పాటు >=2.32 (2.32 లేదా ఆపై వెర్షన్) కోరే మరో ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేయబోతే, రెండిటికీ సరిపడే వెర్షన్ లేక పిప్ అక్కడే ఆగిపోతుంది. పైగా రిక్వెస్ట్స్ చేసే వెబ్‌సైటు సర్టిఫికెట్ల తనిఖీలోని భద్రతా లోపాన్ని 2024 మే నెలలో వచ్చిన 2.32.0 సరిదిద్దింది; మీ == గుర్తు ఆ దిద్దుబాటును వాడుకరికి అందనివ్వదు. మీ సొంత సర్వర్లో నడిచే అప్లికేషన్‌కు వెర్షన్లు బిగించుకోవడం మంచిదే, కానీ పదిమందికీ ఇచ్చే లైబ్రరీలో కనీస వెర్షన్ చెప్పి ఊరుకోవాలి.

మెటాడేటాలోని సారాంశం గడిలో "పుట్టి లెక్కలు" అని రాస్తే చాలదు. పుట్టి తూకం ప్రాంతాన్ని బట్టి మారుతుంది గనుక "నెల్లూరు పుట్టి, 850 కిలోలు" అని స్పష్టంగా ఉండాలి. లైసెన్స్ గడిలో "ఓపెన్ సోర్స్" అన్న మాటకు అర్థం లేదు. లైసెన్సులకు ప్రామాణిక పేర్లు ఇచ్చే ఎస్‌పీడీఎక్స్ జాబితాలోని గుర్తునే, ఉదాహరణకు ఎంఐటీ అని, రాయండి. కీవర్డ్‌లను నేనైతే ఖాళీగా వదిలేస్తాను.

అభ్యాసం: కొత్త వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో (మిగతా ప్యాకేజీలతో కలవని విడి పైథాన్ ఏర్పాటులో) మీ ప్యాకేజీ ఒక్కదాన్నే ఇన్‌స్టాల్ చేసి, అప్పుడు ఏర్పడే డిస్ట్-ఇన్ఫో ఫోల్డరులోని మెటాడేటా ఫైలు తెరవండి. ప్రతి డిపెండెన్సీ పక్కన, దాన్ని ఇంపోర్ట్ చేసే కోడు వరుస సంఖ్య రాయండి; సంఖ్య దొరకని పేరు తీసేయండి. పైథాన్ ప్యాకేజీలను అందరికీ అందించే పైపీఐ సైటు ఒకసారి ఎక్కించిన ఫైలును అదే పేరుతో మళ్లీ తీసుకోదు, కాబట్టి వెర్షన్ పెంచాకే పంపండి.