పెరటి బ్రాయిలర్ కోళ్లు – ఆరో పాఠం: కోత రోజు

పోయిన పాఠంలో ఫినిషర్ దాణా, అంటే కోతకు ముందు చివరి రోజుల్లో పెట్టే దాణా దగ్గర ఆగాం. ఇప్పుడు కోళ్లకు 40 రోజులు దాటాయి, ఒక్కోటి రెండు కిలోల పైనే తూగుతోంది. ఇంకొన్నాళ్లు ఉంచితే ఇంకా పెరుగుతాయి కదా అనిపిస్తుంది. పెరుగుతాయి, కానీ ఈ వయసులో కోడి రోజుకు 180 నుంచి 200 గ్రాముల దాణా తింటుంది. కొన్ని బరువు మోయలేక చతికిలబడతాయి. ఎండాకాలమైతే మధ్యాహ్నానికి ఒకటో రెండో రొప్పి రొప్పి పోతాయి. 20 కోళ్లుంటే రోజుకు నాలుగైదు చొప్పున వారంలో ముగించండి. కొత్తగా చేసే ఇద్దరికి గంటకు మూడు కంటే ఎక్కువ తెమలవు.

ఈ మధ్య నీళ్లలో ఏదైనా మందు కలిపి ఉంటే, మాంసానికి ఎన్ని రోజులు ఆగాలో ప్యాకెట్ మీద ఉంటుంది. అన్ని రోజులూ ఆగాల్సిందే. జబ్బుపడ్డ కోడిని ‘పోయేలోపు కోసేద్దాం’ అనుకోవద్దు.

ముందు రాత్రి

రాత్రి 9కి దాణా తీసేయండి. నీళ్లు మాత్రం పట్టుకునేదాకా ఉండాలి. తెల్లారి 5కి మొదలుపెడితే ఎనిమిది గంటల ఖాళీ కడుపు, అది చాలు. దాణా తీయకపోతే మెడ కింద ఉండే మేత సంచి నిండుగా ఉండి కోతలో పగులుతుంది. అలాగని 12 గంటలు దాటనిస్తే పేగుల గోడ బలహీనపడి, వేలు తగిలితే తెగుతుంది. ఆకలికి కింద ఉన్న ఊక కూడా తినేస్తాయి, అందుకే ఆ రాత్రికి వాటిని ఇనుప జాలీ మీద ఉంచండి.

చీకట్లోనే పట్టుకోండి, బెదరవు. రెక్కలు కలిపి రెండు చేతులతో ఒళ్లంతా పట్టి ఎత్తాలి. ఒంటికాలు పట్టి లాగితే తొడలో రక్తం చిమ్మి, తోలు తీశాక కమిలిన మచ్చలా కనబడుతుంది.

కోత

కోడిని తలకిందులుగా దించేందుకు రేకు గరాటు కావాలి. దొరక్కపోతే 5 లీటర్ల నూనె క్యాను అడుగు కోసేసి, మూతి మూడున్నర అంగుళాలకు వెడల్పు చేసి, బోర్లించి గుంజకు మేకులతో బిగించండి. గరాటులో రెక్కలు కొట్టుకోవు, కోడికీ మీకూ కంగారు తగ్గుతుంది.

కత్తి వెంట్రుకను తెంపేంత పదునుండాలి. తల కింద, దవడ వెనక, మెడకు రెండు పక్కలా ఉన్న రక్తనాళాలు ఒక్క గీతతో తెగాలి. హలాల్ పద్ధతిలో అన్నవాహిక, శ్వాసనాళం కూడా తెగుతాయి, తర్వాతి పనంతా ఒకటే. మెడ ఎముక మాత్రం తెంపకండి. రక్తం పూర్తిగా కారడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. కదలిక, ఊపిరి పూర్తిగా ఆగాకే వేడినీళ్ల దగ్గరికి తీసుకెళ్లండి.

వేడినీళ్లు

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. నీళ్లు 60 నుంచి 62 డిగ్రీలుండాలి. థర్మామీటర్ లేకపోతే సలసల మరిగే నీళ్లు, కుళాయి నీళ్లు సమంగా కలపండి. గిన్నె లాగేసే వేడి పోను దాదాపు అక్కడికే వస్తుంది. కాళ్లు పట్టి కోడిని ముంచి, పైకీ కిందికీ ఆడిస్తూ 45 సెకన్లు ఉంచి, రెక్కలోని పెద్ద ఈక ఒకటి లాగి చూడండి. జారినట్టు వస్తే చాలు. గట్టిగా ఉంటే ఇంకో 10 సెకన్లు. మరిగే నీళ్లలోనే ముంచితే తోలు ఉడికి, ఈకతో పాటు ముక్కలుగా ఊడుతుంది. రెండు కోళ్లకోసారి చెంబెడు మరిగే నీళ్లు పోస్తూ ఉండండి, లేకపోతే మూడోది పీకలేక చేతులు నొప్పెడతాయి.

పీకాక మిగిలే నూగుకు పసుపు రాసి స్టవ్ మంట మీద తిప్పడం మన ఇళ్ల పాత పద్ధతే. తోలు వద్దనుకునేవాళ్లకు ఇదంతా అక్కర్లేదు, ఈకలతో సహా తోలు ఒలిచేయొచ్చు. కాకపోతే రెండు కిలోల కోడి తోలుతో సుమారు 1.4 కిలోలు వస్తే, తోలు లేకుండా 1.3 కూడా రాదు.

లోపలి పని

కాళ్లు కీలు దగ్గర కోయండి, ఎముక మీద కాదు. తోక పైనున్న పసుపుపచ్చ నూనె గ్రంథిని చెక్కేయండి, అది ఉంటే కూరకు వాసన. మెడ దగ్గర తోలు చీల్చి మేత సంచిని వేళ్లతో విడదీయండి. తర్వాత రెట్ట ద్వారం చుట్టూ పైపైన గుండ్రంగా కోసి, చెయ్యి రొమ్ము ఎముకను ఆనుకుని లోపలికి పోనిచ్చి, అన్నిటినీ గుప్పిట్లోకి తెచ్చుకుని ఒక్కసారిగా లాగాలి. ఊపిరితిత్తులు పక్కటెముకలకు అతుక్కుని మిగిలిపోతాయి, వేలితో గీకితే వస్తాయి.

కార్జం కింద ఆకుపచ్చగా కనబడేది చేదుకట్టు. దాన్ని గిల్లకూడదు. కార్జం కొంచెం పోయినా సరే, దాంతో కలిపి కోసి పారేయండి. పగిలితే వెంటనే చన్నీళ్ల ధార కింద కడిగి, పచ్చబడిన ముక్క తీసేయండి. కందనకాయను అంచున చీల్చి, లోపలి పసుపు పొర ఒలవండి.

కార్జాన్ని ఒకసారి వెలుతుర్లో చూడండి. నున్నగా ముదురు ఎరుపుగా ఉండాలి. దాని మీద తెల్ల చుక్కలున్నా, పొట్టలో పసుపుపచ్చ నీరు నిండి ఉన్నా, దుర్వాసన వచ్చినా ఆ కోడి మొత్తం గోతిలోకే.

చల్లార్చడం

కడిగిన వెంటనే ఐసు నీళ్ల టబ్బులో గంటా గంటన్నర ఉంచండి, ఐసు కరిగిపోతే మళ్లీ వేయండి. నీళ్లు ఓడ్చాక ఫ్రిజ్‌లో కనీసం 6 గంటలు, వీలైతే ఓ రాత్రి ఉంచాలి. ప్రాణం పోయాక కండ బిగుసుకుంటుంది. ఆ బిగువు సడలకముందే వండినా డీప్ ఫ్రీజర్‌లో పెట్టినా ముక్క రబ్బరులా సాగుతుంది. ‘ఇంటి కోడి గట్టిగా ఉంది’ అనే మాటకు చాలాసార్లు ఈ తొందరే కారణం.

ఈకలు, పేగులు మూడడుగుల గోతిలో వేసి, సున్నం చల్లి, మట్టి కప్పి, పైన బండ పెట్టండి. బండ లేకపోతే తెల్లారేసరికి కుక్కలు తవ్వేస్తాయి.

వచ్చే పాఠం దాణా లెక్క. అందుకు ప్రతి కోడి బతికున్న బరువు, శుభ్రం చేశాక బరువు ఈ రోజే రాసిపెట్టుకోండి.