షేర్ చేసిన డ్రైవ్‌లో సేవ్ కావట్లేదా? నాకు ఇలా కుదిరింది

పాత కంప్యూటర్ హార్డ్‌డిస్క్ తీసి విండోస్ 10 సిస్టమ్‌లో పెట్టి షేర్ చేశాను. పక్క ల్యాప్‌టాప్‌లో ఫైళ్లు తెరుచుకుంటాయి, సేవ్ కొడితే మాత్రం 'యాక్సెస్ డినైడ్'. ఫైర్‌వాల్ ఆపడం, రీస్టార్ట్, షేర్ తీసేసి మళ్లీ పెట్టడం అన్నీ దండగే.

అనుమతుల (పర్మిషన్ల) తాళాలు రెండున్నాయి: షేరింగ్ ట్యాబ్‌లో ఒకటి, సెక్యూరిటీ ట్యాబ్‌లో ఒకటి. రెండింట్లో ఏది బిగువుగా ఉంటే అదే చెల్లుతుంది. ముందు డ్రైవ్ ప్రాపర్టీస్, షేరింగ్, అడ్వాన్స్‌డ్ షేరింగ్, పర్మిషన్స్‌లోకి వెళ్లాను. ఎవ్రీవన్‌కి రీడ్ ఒక్కటే ఉంది; అది తీసేసి, ల్యాప్‌టాప్‌ నుంచి లాగిన్ అయ్యే యూజర్‌ని చేర్చి 'చేంజ్' టిక్ పెట్టాను. అయినా కాలేదు.

అప్పుడు సెక్యూరిటీ ట్యాబ్ చూస్తే 'అకౌంట్ అన్‌నోన్' అని, పక్కన ఎస్-1-5-21తో మొదలయ్యే చాంతాడంత నంబర్. పాత విండోస్‌లోని నా అకౌంటే అది! ఎడిట్, యాడ్ నొక్కి ఇందాక షేరింగ్‌లో చేర్చిన యూజర్ పేరే కొట్టి, చెక్ నేమ్స్ చేసి, 'మాడిఫై' ఇచ్చాను. ఫైళ్లు ఎక్కువ కాబట్టి అప్లై కావడానికి చాలాసేపు పట్టింది, మధ్యలో ఆపకండి. ల్యాప్‌టాప్‌లో సైనౌట్ చేసి మళ్లీ వచ్చాక సేవ్ అయింది.

ఇది ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన డ్రైవ్. ఎక్స్‌ఫ్యాట్ అనే ఇంకో ఫార్మాట్ అయితే సెక్యూరిటీ ట్యాబే ఉండదు, మీ తంటా వేరే. విండోస్ ఉండే సీ డ్రైవ్ మీద మాత్రం ఈ ప్రయోగం వద్దు.