భుజం, మోచేయి ఆపరేషన్‌కు విదేశం వెళ్లాలంటే ఎలా?

అనంతపురంలో సాయంత్రంపూట ఏ గ్రౌండ్‌కు వెళ్లినా భుజానికి ఐస్ పెట్టుకుని కూర్చున్న కుర్రాడు ఒకడైనా కనిపిస్తాడు. మా తమ్ముడి కొడుకుది క్రికెట్ కాదు, కబడ్డీ. రైడర్‌ను పట్టబోయి కుడి భుజం జారింది. ఎక్కించారు, సర్దుకుంది. ఏడాదిలో మరో నాలుగుసార్లు జారింది. చివరిసారి ఆడుతూ కాదు, నిద్రలో పక్కకు తిరిగితేనే జారింది. మా చెల్లెలు ఇంగ్లండ్‌లో ఉంటుంది కాబట్టి అక్కడికి తీసుకెళ్లాం. వాడికి తోడుగా వెళ్లింది నేనే. ఆ తిరుగుడులో తెలుసుకున్నవి వరసగా రాస్తున్నాను.

మొదటి పని: వెళ్లడం అవసరమా అని తేల్చుకోండి

సచిన్ 2005లో మోచేతికి, 2006లో భుజానికి లండన్‌లోనే ఆపరేషన్ చేయించుకున్నాడు. అప్పట్నుంచి మన బుర్రలో పెద్ద ఆపరేషన్ అంటే లండన్ అని పడిపోయింది. కానీ నీరజ్ చోప్రా 2019లో మోచేతి ఆపరేషన్ చేయించుకున్నది ముంబైలో. 2020 జనవరిలో దక్షిణాఫ్రికాలో 87.86 మీటర్లు విసిరి ఒలింపిక్స్‌కు అర్హత సాధించాడు. వేళ్లు, మణికట్టు దెబ్బలకైతే రాయవేలూరు సీఎంసీ ఆస్పత్రి మనకు పక్కనే ఉంది. పాల్ బ్రాండ్ అనే బ్రిటిష్ సర్జన్ కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు మొదలుపెట్టిన చోటు అది, 1940ల చివర్లోనే.

నా లెక్కలో విదేశం వెళ్లడానికి గట్టి కారణాలు రెండే. ఒకసారి చేసిన ఆపరేషన్ చెడిపోయి రెండోసారి చేయాల్సి రావడం ఒకటి. నెలపాటు ఇంట్లో పెట్టుకుని చూసుకునే సొంతమనిషి అక్కడ ఉండటం రెండోది. మాది రెండోది. దాన్ని ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

రెండో పని: దెబ్బకు పేరు తెలుసుకోండి

"భుజం నొప్పి" అని రాసి పంపితే ఏ దేశం డాక్టరూ జవాబివ్వలేడు. భుజం గిన్నె చుట్టూ లాబ్రమ్ అనే మెత్తటి అంచు ఉంటుంది. కీలు ముందుకు జారినప్పుడు అది ఎముక నుంచి ఊడుతుంది. ఎక్స్‌రేలో కనిపించదు, ఎమ్మారై కావాలి. చిన్న చిరుగులు తేలడానికి కీలులోకి మందు ఎక్కించి తీసే ఎమ్మారై కూడా ఉంది. మావాడికి ఊళ్లో మొదట అందరూ చెప్పింది పుత్తూరు కట్టు. కట్టించాం కూడా. కానీ ఊడిన లాబ్రమ్‌ను బయటి నుంచి కట్టే ఏ కట్టూ తిరిగి ఎముకకు అంటించలేదు.

పదేపదే జారిన భుజానికి సీటీ స్కాన్ కూడా తీయించండి. గిన్నె అంచు ఎముక అరిగిపోయి ఉంటే ఉత్త కుట్లు నిలవవు. దగ్గర్లోని ఎముక ముక్కను కోసి గిన్నె ముందు స్క్రూలతో బిగిస్తారు. దాన్ని లటార్జే ఆపరేషన్ అంటారు, మిషెల్ లటార్జే అనే ఫ్రెంచ్ సర్జన్ 1954లో చెప్పిన పద్ధతి. విసిరే ఆటలవాళ్లకు మోచేయి లోపలి లిగమెంట్ తెగితే చేసేది టామీ జాన్ సర్జరీ. అది 1974లో అమెరికాలో ఫ్రాంక్ జోబ్ ఒక బేస్‌బాల్ ఆటగాడికి చేసిన ఆపరేషన్, ఆ ఆటగాడి పేరే దానికి నిలిచిపోయింది. ఇలా పేరు తెలిశాకే, ఆ ఆపరేషన్ తరచూ చేసే డాక్టర్‌ను వెతకగలరు.

మూడో పని: స్కాన్ పంపి అభిప్రాయం అడగండి

స్కాన్ ఫిల్మ్‌ను కిటికీ వెలుతురుకు పెట్టి ఫోన్‌తో ఫోటో తీసి పంపితే లాభం లేదు. స్కాన్ సెంటర్‌లో డైకామ్ ఫైళ్లు, అంటే స్కాన్ అసలు బొమ్మలుండే కంప్యూటర్ ఫైళ్లు, సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో అడిగి తీసుకోండి. బయటికి వచ్చేముందే కంప్యూటర్‌లో తెరిచి చూడమనండి. మాకు ఒక సెంటర్ ఇచ్చిన సీడీ ఖాళీది. అది తెలిసేసరికి వారం పోయింది.

డాక్టర్ గురించి విచారించుకోవడానికి ఎవరినీ బతిమాలక్కర్లేదు. బ్రిటన్‌లో అయితే జనరల్ మెడికల్ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో పేరు కొడితే స్పెషలిస్ట్ రిజిస్టర్‌లో ఉన్నాడో లేడో తెలుస్తుంది. ఇంగ్లండ్ ఆస్పత్రులను తనిఖీ చేసే కేర్ క్వాలిటీ కమిషన్ నివేదికలు కూడా అందరూ చదవొచ్చు. వీడియో కాల్‌లో రెండే అడగండి: ఈ ఆపరేషన్ ఏడాదికి ఎన్ని చేస్తారు? ఆపరేషన్ లేకుండా ఫిజియోతో సరిపోయే అవకాశం ఉందా?

నాలుగో పని: ఖర్చు కాగితం మీద రాయించుకోండి

"మా చెల్లెలు అక్కడ పన్ను కడుతోంది కదా, ఎన్‌హెచ్‌ఎస్‌లో ఉచితం" అనుకున్నాడు మా తమ్ముడు. ఎన్‌హెచ్‌ఎస్ అంటే బ్రిటన్ ప్రభుత్వ వైద్యసేవ. కాదు. విజిటర్‌గా వచ్చినవాళ్లు ముందే అనుకుని వచ్చిన చికిత్సకు ఎన్‌హెచ్‌ఎస్‌లో డబ్బు కట్టాలి, అదీ అసలు ఖర్చుకు ఒకటిన్నర రెట్లు. అందుకే ప్రైవేటు ఆస్పత్రిలో ప్యాకేజీ అడగాలి. ప్యాకేజీలో ఉన్నవి వాళ్లే చెబుతారు, లేనివి మీరు అడగాలి: మత్తు డాక్టర్ ఫీజు, యాంకర్లు (ఊడిన అంచును ఎముకకు పట్టి ఉంచే చిన్న మేకులు), స్క్రూలు, మళ్లీ తీసే స్కాన్, ఫిజియో, ఇన్‌ఫెక్షన్ వస్తే ఎవరు భరిస్తారన్నది. ట్రావెల్ ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి. ముందే ఉన్న దెబ్బకు, ముందే నిర్ణయించుకున్న ఆపరేషన్‌కు మామూలుగా అది వర్తించదు.

ఐదో పని: తిరిగొచ్చాక చూసే డాక్టర్‌ను ముందే మాట్లాడుకోండి

ఇది చేయకుండా వీసా జోలికి వెళ్లొద్దు. ఆపరేషన్ పట్టేది రెండు గంటలు. తర్వాత చెయ్యి స్లింగ్‌లో నాలుగు నుంచి ఆరు వారాలు, మళ్లీ కబడ్డీ కోర్టులో దిగడానికి దాదాపు ఆరు నెలలు. టామీ జాన్ అయితే ఏడాది పైమాటే. ఆ నెలలన్నీ గడిచేది అనంతపురంలోనే. వేరొకరు చేసిన ఆపరేషన్‌ను ముట్టుకోవడానికి చాలామంది డాక్టర్లు ఇష్టపడరు, వాళ్లను తప్పుపట్టలేం కూడా. బయల్దేరేముందే ఊళ్లో ఒక ఎముకల డాక్టర్‌ను, ఒక ఫిజియోను కలిసి "మీరు చూస్తామంటేనే వెళ్తాం" అని చెప్పండి. అక్కడి డాక్టర్ నుంచి వారాలవారీగా ఫిజియో పద్ధతి రాయించుకోండి: ఏ వారంలో చెయ్యి ఎంతవరకు ఎత్తాలి, బరువు ఎప్పుడు పట్టాలి, ఏది అస్సలు చేయకూడదు. ఉత్సాహం ఎక్కువైన కుర్రాడు మూడో వారంలోనే దండీలు మొదలుపెట్టే ప్రమాదం ఉంది. మావాడిని నేనే పట్టుకున్నాను, మిద్దె మీద.

ఆరో పని: వీసా

మామూలు పాస్‌పోర్ట్ ఫీజు 1,500 రూపాయలు, తత్కాల్ అయితే ఇంకో 2,000. బ్రిటన్‌కు స్టాండర్డ్ విజిటర్ వీసా సరిపోతుంది. మామూలుగా 6 నెలలు ఇస్తారు, ప్రైవేటు చికిత్సకు అవసరమైతే 11 నెలల దాకా అడగొచ్చు. అక్కడి డాక్టర్ లేఖలో రోగం ఏమిటి, ఖర్చు ఎంత, ఎన్నాళ్లు, ఎక్కడ అన్నవి ఉండాలి. తోడు వెళ్లేవాళ్లు విడిగా దరఖాస్తు చేయాలి. అమెరికాకైతే బీ-2 వీసా. జర్మనీ లాంటి షెంజెన్ దేశాలకు కనీసం 30,000 యూరోల ఇన్సూరెన్స్ చూపాలి, ఉండనిచ్చేది 90 రోజులు.

మనలాంటి వ్యవసాయ కుటుంబాలకు చిక్కు వచ్చేది బ్యాంకు స్టేట్‌మెంట్ దగ్గర. ఉన్నట్టుండి పెద్ద మొత్తం జమ అయితే వీసా అధికారికి అనుమానం. అది వేరుశనగ అమ్మిన డబ్బా, స్థలం అమ్మిన డబ్బా, బంధువు ఇచ్చిందా అన్నదానికి కాగితం పెట్టండి. పట్టాదారు పాసుపుస్తకం తెలుగులో ఉంటుంది కాబట్టి ధ్రువీకరించిన ఇంగ్లీషు అనువాదం జతచేయాలి.

ఏడో పని: డబ్బు పంపడం

విదేశాలకు డబ్బు పంపడానికి ఆర్‌బీఐ పెట్టిన ఎల్‌ఆర్‌ఎస్ పద్ధతిలో ఒకరు ఏడాదికి 2.5 లక్షల డాలర్ల వరకు పంపొచ్చు. మొత్తం 10 లక్షల రూపాయలు దాటితే దాటినదాని మీద బ్యాంకు టీసీఎస్ అనే పన్ను ముందే పట్టుకుంటుంది. ఫారంలో కారణం "వైద్యం" అని పడేలా దగ్గరుండి చూసుకోండి, ఇతర కారణాలకు రేటు చాలా ఎక్కువ. పట్టుకున్న టీసీఎస్‌ను ఐటీ రిటర్న్‌లో సర్దుకోవచ్చు. డబ్బు నేరుగా ఆస్పత్రి ఖాతాకే పంపండి.

ఎనిమిదో పని: సంచి సర్దడం, ఆటగాడి మందులు

ముందు గుండీలుండే వదులు చొక్కాలు, ఎలాస్టిక్ ప్యాంట్లు. బొందు పైజామా వద్దు, ఒంటిచేత్తో ముడి పడదు. ఎడమచేత్తో స్పూన్ వాడటం ఇంట్లోనే వారం ముందునుంచి అలవాటు చేయండి. మావాడు మొదటిరోజే "పెద్దనాయనా, ముద్ద ఎడమచేత్తో ఎట్ల తినేది?" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. రాగిముద్దను స్పూన్‌తో తినడం చూసి నాకూ కడుపు తరుక్కుపోయింది.

రాష్ట్రస్థాయి, జాతీయస్థాయిలో ఆడేవాళ్లు ఆ సంగతి అక్కడి డాక్టర్‌కు మొదటిరోజే చెప్పాలి. నొప్పికి ఇచ్చే ట్రమడాల్‌ను 2024 జనవరి నుంచి పోటీల సమయంలో నిషేధించారు. కీలుకు ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్లదీ 2022 నుంచి అదే పరిస్థితి. వైద్యానికి తప్పనిసరైతే నాడా (డోపింగ్‌ను అడ్డుకునే జాతీయ సంస్థ) దగ్గర మినహాయింపు అడిగే పద్ధతి ఉంది. అందుకోసం ప్రతి చీటీ దాచండి.

తొమ్మిదో పని: తిరుగు ప్రయాణం

తేదీ మార్చుకునే టికెట్టే కొనండి. కుట్లు తీయడానికి 10 నుంచి 14 రోజులు, ఆ తర్వాత ఒకసారి చూపించుకునేదాకా ఆగండి. మణికట్టుకు పూర్తి పిండికట్టు వేస్తే, రెండు గంటలు మించిన విమానానికి కనీసం 48 గంటలు ఆగాలి, లేకపోతే వాపు వచ్చి బిగుసుకుంటుంది. ఆపరేషన్ అయిన చెయ్యి నడవ వైపు లేకుండా సీటు తీసుకోండి, ట్రాలీ తగిలితే ప్రాణం పోయినంత పనవుతుంది. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా గంటకోసారి లేచి నడవాలి. ఆపరేషన్ నోట్స్, వాడిన యాంకర్ల వివరాలు, డిశ్చార్జ్ కాగితం చేతిసంచిలో ఉండాలి, పెట్టెలో కాదు.

బెంగళూరు విమానాశ్రయం దేవనహళ్లి దగ్గర, మనం వచ్చే హైవే మీదే ఉంది. ఊళ్లోకి పోనక్కర్లేదు. కారు ముందుసీటు వెనక్కి వాల్చి, మోచేతి కింద దిండు పెట్టండి. సీటుబెల్టు ఆపరేషన్ భుజం మీదుగా రాకూడదు. కుడిచెయ్యి అయితే ముందు ఎడమసీటు అచ్చంగా సరిపోతుంది, ఎడమచెయ్యి అయితే వెనక కుడివైపు కూర్చోబెట్టండి.