చూపు ముందు ఎక్కడ ఆగింది? తోటివాళ్ల ఫొటోల గురించి మాట్లాడే పద్ధతి

నాన్న కిటికీ పక్కన కూర్చుని పేపరు చదువుతుండగా తీసిన ఫొటో ఒకటి నా దగ్గర ఉంది. పక్క నుంచి మెత్తటి పొద్దుటి వెలుగు, ముక్కు మీదికి జారిన కళ్లజోడు, పేజీ అంచు పట్టుకున్న బొటనవేలు. రెండు సాయంత్రాలు కూర్చుని దాన్ని ఎడిట్ చేశాను. సరదాకి ఫొటోలు తీసుకునేవాళ్లం ఆరుగురం ఉన్నాం. మిగతా ఐదుగురికీ చూపించాను. ముగ్గురు "చాలా బాగుంది" అన్నారు. ఒకామె "కాంట్రాస్ట్ కొంచెం పెంచితే ఇంకా బాగుంటుంది" అంది. ఐదో అతను కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నా చూపు ముందు ఆ మూలనున్న తెల్ల బకెట్ మీద పడింది. నాన్నగారి మొహం దగ్గరికి ఆ తర్వాతే వచ్చాను" అన్నాడు.

ఆ బకెట్ రెండు సాయంత్రాలూ నా కళ్ల ముందే ఉంది. నేను చూడలేదు. ఫొటో తీసినవాళ్లకి ఆ రోజు, ఆ గది, ఆ మనిషి మనసులో ఉంటారు కాబట్టి ఫ్రేములో తమకి కావాల్సినదే కనిపిస్తుంది. చూసేవాళ్లకి అవేవీ తెలియవు, అందుకని ఉన్నదంతా కనిపిస్తుంది. బకెట్ ఉన్న చోటు మటుకు సెలెక్ట్ చేసి ఒక స్టాప్ తగ్గించాను, అంటే అక్కడి వెలుగు సగానికి సగం. మొహం మీద స్టాప్‌లో మూడో వంతు పెంచాను. ఇంకేమీ ముట్టుకోలేదు. అంతకుముందు ఎన్ని స్లైడర్లు జరిపినా రానిది ఆ రెండు మార్పులతో వచ్చింది.

అప్పటి నుంచి ఎవరు ఫొటో చూపించినా నేను మొదట చెప్పేది నా చూపు సంగతే. ముందు ఎక్కడికి వెళ్లింది, అక్కడి నుంచి ఎటు తిరిగింది, ఎక్కడ చిక్కుకుంది. అది ఎవరూ కాదనలేని మాట. "ఈ ఫొటో డల్‌గా ఉంది" అంటే వాదన మొదలవుతుంది. "ముందు బకెట్ కనిపించింది" అంటే అది నాకు జరిగిన విషయం, అంతే.

చూసేటప్పుడు

ఫొటో కింద రాసినది చదవకుండా పది సెకన్లు ఊరికే చూడండి. కన్ను మామూలుగా అన్నిటికంటే వెలుగ్గా ఉన్నచోటికి, బాగా షార్ప్‌గా ఉన్నచోటికి, మనిషి మొహానికి, అక్షరాలకి పరిగెడుతుంది. వెనకాల చదవగలిగే బోర్డు ఒకటి ఉంటే, ముందు ఎంత అందమైన మొహం ఉన్నా మనం ఆ బోర్డు చదివేస్తాం. తర్వాత నాలుగు అంచుల వెంట ఒకసారి చూపు తిప్పండి. సగం తెగిన చెయ్యి, పక్కనుంచి దూరిన కొమ్మ, తల మీద మొలిచినట్టున్న స్తంభం అక్కడే దొరుకుతాయి. ఫోన్లో వేలికొసంత సైజులో చూసి ఊరుకోకండి. కనీసం ఒక్కసారి స్క్రీన్ నిండా పెట్టి చూడండి.

ఏం తేడాగా ఉందో తెలిశాక, అది తీసేటప్పుడు జరిగిందా ఎడిటింగ్‌లో వచ్చిందా అని వేరు చెయ్యాలి. సలహా ఒంటబట్టాలంటే ఈ తేడా తెలియాల్సిందే. ఉదాహరణకి మొహం మసగ్గా ఉందనుకోండి. చెవి దగ్గర వెంట్రుకలు స్పష్టంగా ఉండి కన్ను మెత్తగా ఉంటే ఫోకస్ వెనక్కి పడింది. ఫ్రేములో ఉన్నదంతా ఒకే దిక్కుకి కాస్త సాగినట్టుంటే చెయ్యి కదిలింది. వెనకాల గోడ స్పష్టంగా ఉండి మనిషి మటుకే సాగితే కదిలింది ఆ మనిషి. మూడింటికీ "షార్ప్‌గా లేదు" అనే ఒక్క మాటే చెబితే అవతలివాళ్లు షార్ప్‌నెస్ స్లైడర్ లాగుతారు, ఉన్నది కూడా పాడవుతుంది. చెయ్యి కదిలినవాళ్లకి పనికొచ్చే మాట వేరే ఉంది: చేతిలో పట్టుకుని తీసేటప్పుడు షట్టర్ స్పీడ్ (షట్టర్ తెరిచి ఉండే సమయం) లెన్స్ ఫోకల్ లెంగ్త్‌కి, అంటే లెన్స్ మీద మిల్లీమీటర్లలో రాసి ఉండే జూమ్ అంకెకి తగ్గట్టు ఉంచమనడం. 200 మిల్లీమీటర్ల దగ్గర కనీసం సెకనులో 200వ వంతు. చెయ్యి వణుకుని సర్దే స్టెబిలైజేషన్ ఉన్న లెన్సుతో ఇంకా నిదానంగా తీయొచ్చు, కానీ మొదట్లో ఈ లెక్క మంచిది.

అలాగే "షాడోస్ కొంచెం లేపు", అంటే చీకటి భాగాల్లో వెలుగు పెంచు, అనే ముందు ఫైలు ఏమిటో అడగండి. మామూలుగా ఫోన్లలో ఉండే కుదించిన ఫైలు జేపెగ్. అందులో ఒక్కో రంగుకి చీకటి నుంచి వెలుగు దాకా 256 మెట్లే ఉంటాయి. కెమెరా సెన్సార్ పట్టినదంతా దాచుకునే 14 బిట్ రా ఫైల్లో 16,384. రా ఫైల్లో చీకట్లోంచి బయటికొచ్చే జుట్టు, జేపెగ్‌లో లేపితే మరకలుగా వస్తుంది. పూర్తిగా తెల్లగా కాలిపోయిన ఆకాశం మటుకు రెండిట్లోనూ తిరిగి రాదు. దాని గురించి చెప్పాల్సింది తర్వాతిసారికే: తీసేటప్పుడు హిస్టోగ్రామ్, అంటే ఎడమన చీకటి నుంచి కుడిన వెలుగు దాకా చూపించే గ్రాఫ్, కుడి గోడకి గుద్దుకుంటోందేమో చూసుకోమని.

మాట్లాడేటప్పుడు

చోటు చెప్పండి. "ఓవర్ ఎడిటింగ్" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే అవతలివాళ్లకి మనసు చివుక్కుమనడం తప్ప ఇంకేం దక్కదు. "కొండ అంచు వెంట ఆకాశంలో తెల్ల గీత కనిపిస్తోంది, క్లారిటీ ఎక్కువైందేమో" అంటే (క్లారిటీ అంచుల్ని కొట్టొచ్చినట్టు చేసే స్లైడర్) వాళ్లు వెంటనే జూమ్ చేసి చూసుకుంటారు. చర్మం ప్లాస్టిక్‌లా నున్నగా అయితే నాయిస్ (ఫొటోలో ఇసక చల్లినట్టు కనిపించే చుక్కలు) తగ్గించే స్లైడర్ వైపు చూడమనండి. కళ్లలో తెలుపు కాగితమంత తెల్లబడితే అదే చెప్పండి. వెలుగ్గా, విశాలంగా ఉన్న ఆకాశంలో ఒకేచోట చిన్న బూడిదరంగు చుక్క ఉంటే, ఆ మనిషి మిగతా ఫొటోల్లోనూ అదే చోట ఉంటే, సెన్సార్ మీద దుమ్ము ఉన్నట్టు. ఎఫ్16 లాంటి చిన్న అపర్చర్ (లెన్సులో వెలుగు దూరే రంధ్రం) దగ్గర అది బాగా తేలుతుంది. ఇది చెప్పి నేను ఒకరికి చాలా ఫొటోలు కాపాడాను, ఇప్పటికీ తలుచుకుంటే సంతోషంగా ఉంటుంది.

మనుషుల ఫొటోల విషయంలో ఇంకో జాగ్రత్త. ఫొటోలో ఉన్న మనిషి రూపం గురించి ఒక్క మాట కూడా వద్దు. "మీ చెల్లి ముక్కు పెద్దగా ఉంది" అనకూడదు. "కెమెరా మరీ దగ్గరగా ఉన్నట్టుంది, రెండడుగులు వెనక్కి జరిగి జూమ్ చేసి చూడు" అనాలి. మొహం ఆకారాన్ని మార్చేది లెన్సు నంబరు కాదు, కెమెరాకి మొహానికి మధ్య దూరం. కాబట్టి ఈ రెండో మాట మర్యాదైనదే కాక నిజమైనది కూడా.

ప్రశ్న రూపంలో అడిగినా అందులో తీర్పు దాక్కుని ఉండొచ్చు. "ఆకాశం ఎందుకంత నీలం చేశావ్?" అన్నది ప్రశ్నలా కనిపించే తిట్టు. "ఆకాశం రంగు దిద్దేటప్పుడు మనసులో ఏముంది?" అంటే అవతలివాళ్లు మనసు విప్పుతారు. నృత్య దర్శకురాలు లిజ్ లెర్మన్ 1990లో కళాకారుల కోసం ఒక పద్ధతి తయారు చేశారు. అందులో నాలుగు దశలు: ముందు చూసినవాళ్లు తమకి తాకినదేమిటో చెబుతారు, తర్వాత చేసినవాళ్లు తమ సందేహాలు అడుగుతారు, ఆపైన చూసినవాళ్లు తీర్పు లేని ప్రశ్నలు వేస్తారు, చివరికి "ఫలానా దాని గురించి నా అభిప్రాయం చెప్పనా?" అని అడిగి, సరేనంటేనే చెబుతారు. నాట్యానికి పుట్టినదైనా ఫొటోలకి బాగా పనికొస్తుంది. మేం అన్ని దశలూ మక్కికి మక్కి పాటించం. కానీ ఆ చివరి అనుమతి అడగడం మటుకు మానలేదు. అడిగి చెప్పిన మాటని వినే తీరే వేరు.

పొగిడేటప్పుడూ చోటు చెప్పాలి. "చాలా బాగుంది" అన్న ముగ్గురిలో ఒకామెని తర్వాత అడిగాను, ఏం బాగుందని. "ఆ బొటనవేలు. ఇప్పుడే పేజీ తిప్పేట్టున్నారు" అంది. ఆ సాయంత్రమే నేను ఫొటో కింది భాగం క్రాప్ చెయ్యాలనుకుంటున్నాను. చేసి ఉంటే బొటనవేలు పోయేది. ఏది పనిచేస్తోందో ఎవరూ చెప్పకపోతే, దిద్దే హడావిడిలో దాన్నే చేజేతులా తీసేస్తాం.

క్రాప్ అన్నాను కదా, ఆ సలహా నోటికి మరీ తేలిగ్గా వస్తుంది. క్రాప్ చేస్తే పరువు పోయినట్టు భావించేవాళ్లూ ఉన్నారు. ఫ్రేము కెమెరాలోనే పూర్తి కావాలని పట్టుబట్టిన ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ ఆంరీ కార్తియే బ్రెసాన్ కూడా, 1932లో పారిస్‌లో నీటి గుంట మీదుగా గెంతుతున్న మనిషి ఫొటోని క్రాప్ చేయించారు. కంచె సందులోంచి తీసింది కాబట్టి పక్కన కంచె అడ్డం పడింది. అవసరమైతే కోయొచ్చు. కానీ చెప్పేముందు రెండు కాగితం ముక్కలు స్క్రీన్ మీద అడ్డుపెట్టి, మీరు చెప్పే క్రాప్ మీరే చూడండి. సగంసార్లు నోరు మూసుకోవాలనిపిస్తుంది. అవతలివాళ్ల ఫొటోని మీరే ఎడిట్ చేసి పంపడం మటుకు, వాళ్లు అడిగితేనే.

మీ స్క్రీన్ సంగతి

నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. నన్ను అక్కా అని పిలిచే కాలేజీ కుర్రాడొకడు ఒక రాత్రి తన చెల్లెలి ఫొటో పంపాడు. "చర్మం మరీ పసుపుగా ఉంది, వైట్ బ్యాలెన్స్ చూసుకో" అని రాశాను. పొద్దున్నే కంప్యూటర్లో తెరిస్తే రంగులు చక్కగా ఉన్నాయి. రాత్రి నా ఫోన్లో కళ్లకి శ్రమ తగ్గించే నైట్ మోడ్ నడుస్తోంది, అది స్క్రీన్ మొత్తాన్ని పసుపు చేస్తుంది. వెంటనే క్షమించమని రాశాను. కానీ వాడు రాత్రికి రాత్రే మార్చి, అదే జేపెగ్ మీద సేవ్ చేసేశాడు. అసలుది పోయింది. వాడేమీ అనలేదు. కానీ చాలా రోజులు ఇంకో ఫొటో పంపలేదు. ఆ బాధ నాకు ఇంకా పోలేదు.

అందుకని రంగుల గురించి మాట్లాడేముందు నైట్ మోడ్, ఆటో బ్రైట్‌నెస్ ఆపేయండి. వీలైతే రెండు స్క్రీన్ల మీద చూడండి. ఫొటో పంపేవాళ్లు, మామూలు స్క్రీన్లన్నీ వాడే రంగుల పద్ధతి ఎస్‌ఆర్‌జీబీలో ఎక్స్‌పోర్ట్ చెయ్యాలి. ఇంకా ఎక్కువ రంగులుండే అడోబ్ ఆర్‌జీబీలో పంపితే, ఏ పద్ధతో చెప్పే కలర్ ప్రొఫైల్‌ని పట్టించుకోని యాప్‌లో తెరిచినవాళ్లకి రంగులు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. అప్పుడు వాళ్లు "శాచురేషన్ (రంగుల గాఢత) పెంచు" అంటారు, మీరు లేని జబ్బుకి మందు వేస్తారు.

మాట పడేటప్పుడు

అడిగే ప్రశ్నని బట్టే జవాబు వస్తుంది. "ఎలా ఉంది?" అంటే మొహమాటానికి "బాగుంది" అంటారు. "మొహం మీద వెలుగు సరిపోయిందా? కుడివైపు తలుపు అడ్డం వస్తోందా?" అని అడగండి. ఎడిట్ చెయ్యని ఫైలు కూడా పక్కన పెడితే, మీరు ఎటు తీసుకెళ్లారో చూసేవాళ్లకి అర్థమవుతుంది. కానీ ఇవన్నీ వాళ్ల మొదటి చూపు మాట విన్నాకే. ముందే "నాన్న మొహం ఎలా వచ్చింది" అని అడిగి ఉంటే బకెట్ సంగతి నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

వింటున్నప్పుడు సంజాయిషీ ఇవ్వకండి. "ఆ రోజు వాన, ట్రైపాడ్ లేదు, టైం లేదు" అన్నీ నిజమే కావచ్చు. ఫొటో ఎక్కడికెళ్లినా మీరు దాని వెంట వెళ్లి ఆ కథ చెప్పలేరు. వాళ్ల మాటలు వాళ్లన్నట్టే రాసుకోండి. ఒక రాత్రి గడవనివ్వండి. మర్నాడు ఆ కాగితం చదివితే నిన్న గుచ్చుకున్న మాటల్లో సగం మామూలుగా అనిపిస్తాయి.

నలుగురు నాలుగు రకాలుగా చెప్పినప్పుడు కంగారు పడేవాళ్లకి నేను చెప్పేది ఒకటే: వాళ్లు చెప్పిన మందుని పక్కన పెట్టి, నొప్పి ఎక్కడుందన్నారో చూడండి. ఒకరు "కుడివైపు క్రాప్ చెయ్యి", ఇంకొకరు "ఆ తలుపు నల్లగా చెయ్యి", మరొకరు "మనిషిని కుడికి జరపాల్సింది" అన్నారనుకోండి. ముగ్గురికీ కుడివైపే ఏదో తేడా కొట్టింది. అక్కడ నిజంగానే ఏదో ఉంది. ఏం చెయ్యాలో మీరే వెతుక్కోవాలి. కాపీ మీద వెతకండి. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టండి, చిన్నగా చేసి చూడండి, రంగు తీసేసి చూడండి, అద్దంలోలా ఎడమకుడులు తిప్పి చూడండి. అలవాటుపడ్డ కళ్లకి ఫొటో మళ్లీ కొత్తగా కనిపిస్తుంది.

కొన్ని సలహాలు కాదనాలి కూడా. చీకటి మెట్ల మీద కూర్చున్న ఒక చిన్నపిల్ల ఫొటోకి అందరూ షాడోస్ లేపమన్నారు. లేపి చూశాను. మెట్లు, గోడ, చెప్పులు అన్నీ కనిపించాయి, పిల్ల ఒంటరితనం పోయింది. చీకటిగానే ఉంచాను. అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1941లో అక్కడి హెర్నాండెజ్ అనే ఊరి మీద చందమామని తీసిన నెగటివ్‌ని దశాబ్దాల పాటు మళ్లీ మళ్లీ ప్రింట్ చేశారు. మొదటి ప్రింట్లలో మబ్బులు కనిపించే ఆకాశం పోనుపోను నల్లబడింది. ఆయన మనసే మారుతూ వచ్చింది. అందుకే నేను పాత ఎడిట్లు ఒక్కటీ చెరపను.

దిద్దినదాన్ని మళ్లీ చూపించేటప్పుడు, ఇదివరకు చూడనివాళ్లని వెతకండి. బకెట్ సంగతి చెప్పినతనికి కొత్తది చూపిస్తే మొట్టమొదట ఆ మూలకే చూశాడు, బకెట్ ఎంత తగ్గిందా అని. ఆ కన్ను ఇంక ఆ ఫొటోకి పనికిరాదు. తర్వాత ఏమీ చెప్పకుండా ఫోన్ మా పిన్ని చేతిలో పెట్టాను. కాసేపు చూసి, "బావగారు పేజీ తిప్పబోతున్నారు" అంది.